ఎదురుజంట

ఆ బుధవారం పొద్దున ఎస్తేరు వంటింట్లో ఉప్మా మధ్యలో ఆగిపోయింది. రవ్వ వేగింది, ఎసరు మరిగింది, తీరా కలిపే వేళకి వంటమర గరిటె పైకెత్తి అలాగే నిలబడిపోయింది.

"అమ్మా, ఉప్మా పుటను ఇప్పుడే ఎవరో దిద్దారు. అల్లం తీసేసి వాము చేర్చారు. ఏం చెయ్యమంటారు?"

"ఉప్మాలో వామేంటే, నీ మొహం! ఎవరా దిద్దింది?"

"ఎనిమిదో వార్డు నుంచి ఒక పెద్దాయన. తనకు అజీర్తిగా ఉందని కారణం రాశారు."

"ఆయనకి అజీర్తి చేస్తే ఊరందరం వాము తినాలా? పాత పుట చూసి చెయ్యి."

వంటమర గరిటె దించింది. నరసాపురంలో ఇది కొత్త భాగోతం కాదు. ఊరుమ్మడి వచ్చినప్పటినుంచీ ఏదో ఒక పొయ్యి దగ్గర రోజూ జరుగుతున్నదే. ఊరుమ్మడి అంటే ఊరందరూ కలిసి రాసుకునే పుటల పొత్తం. ఉప్మా దగ్గర్నుంచి కాలువ లాకుల దాకా దేని పుట దానికుంది. ఎవరైనా రాయవచ్చు, ఎవరు రాసినదాన్నైనా ఎవరైనా దిద్దవచ్చు. ఊళ్ళో మరలన్నీ ఆ పుటలను చదువుకుని, అందులో ఉన్నట్టు నడుచుకుంటాయి. దిద్దుబాటు నచ్చని ఇల్లు పాత రూపాన్నే పట్టుకుని వేలాడవచ్చు. చెరుపు సంగతి మాత్రం వేరు. ఒక పుటను చెరిపేశారంటే ఊళ్ళో మరలన్నీ ఆ విషయం పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ విననట్టు మొహం పెడతాయి. చెరిపిన పుట ఏడాదిపాటు అటక మీద ఉంటుంది. ఆ లోగా ఎవరూ దించకపోతే ఇక దాని పేరు తలిచే మర ఉండదు.

అందుకే చెరిపే అధికారం, అటక మీంచి దించే అధికారం ఎవరికుండాలన్న ప్రశ్న మీద ఊళ్ళకు ఊళ్ళే తలలు బద్దలు కొట్టుకున్నాయి. ఒక ఊళ్ళో అధికారులకిచ్చారు. వాళ్ళు తమ మీద ఫిర్యాదులున్న పుటలను ముందు చెరుపుకున్నారు. కంచే చేను మేసిందని ఇంకో ఊరివాళ్ళు ఓట్లు పెట్టారు. పైవీధివాళ్ళు ఎక్కువమంది కావడంతో కిందివీధి చేపలసంత ఒక్క పూటలో మాయమైంది. ఎందుకొచ్చిన గొడవని మరో ఊరు ఆ పనిని యంత్రానికే వదిలేసింది. ఎవరూ చదవని పుట ఎందుకులే అని అది మండువేసవిలో వరద లాకుల పుటను తుడిచేసింది. ఆ వానాకాలమంతా ఆ ఊరివాళ్ళు డాబాల మీదే కాపురాలు చేశారు.

ఇవన్నీ చూశాక ఊరుమ్మడిని తయారుచేసినవాళ్ళకు ఒక ఉపాయం తట్టింది. ఊళ్ళో ఒకరినొకరు అందరికన్నా ఎక్కువగా కాదన్న ఇద్దరెవరో దిద్దుబాట్ల చరిత్రలోనే తెలుస్తుంది. ఆ ఇద్దరికీ తాళం చెరిసగం ఇవ్వాలి. ఇద్దరూ కలిసి అరచేతులు ఆనిస్తేనే పుట చెరగాలి, ఇద్దరూ ఆనిస్తేనే దిగిరావాలి. ఎడ్డెమంటే తెడ్డెమనే ఆ ఇద్దరికీ ఒప్పుదలైన మాట ఊరందరికీ ఒప్పుదల కాకుండా పోతుందా? దానికి ఎదురుజంట అని పేరు పెట్టారు.

నరసాపురంలో ఆ పదవికి పోటీయే లేకపోయింది. లేసు అల్లిక నేర్పే కొల్లాబత్తుల ఎస్తేరు, ఏటికి అవతల రొయ్యలచెరువులు చేసిన దాట్ల జోగిరాజు. వీళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూడకుండానే బొమ్మిడాయిల పులుసు పుట మీద ఏళ్ళ తరబడి కొట్టుకున్నారు. పులుపుకి మామిడికాయ వెయ్యాలని ఆవిడ రాస్తే, చింతపండు వెయ్యాలని ఆయన దిద్దేవాడు. ఊళ్ళో వంటమరలు పొద్దున మామిడికాయ, సాయంత్రం చింతపండు వేసి వండేవి. జనం మాత్రం రెండూ లొట్టలేసుకుని తినేవారు.

ఉప్మా తింటూ ఎస్తేరు గోడ మీది సందేశపు అద్దం చూసింది.

"ఎదురుజంటకు సూచన. మీ భేదాంకం నూటికి మూడుకు పడిపోయింది. మీ ఇద్దరి మధ్య విభేదం కనబడడం లేదు. నేటి సమావేశంలో కూడా కనబడకపోతే మీ జంట రద్దవుతుంది. వరుసలో తరువాతి జంట: కోటిలింగం, భద్రం."

కోటిలింగం ఐసు ఫ్యాక్టరీ యజమాని. భద్రం ఆయనకు స్వయానా బావమరిది. ఈ మధ్య కొన్ని నెలలుగా వాళ్ళిద్దరూ పుటల్లో ఒకరినొకరు తిట్టుకుంటున్న తీరు చూసి ఊరు నోరు నొక్కుకుంది. ఎస్తేరుకి మాత్రం మొదటినుంచీ అనుమానమే. ఏటి మీద జనాన్ని దాటించే పంటు పుటను చెరిపెయ్యమని కోటిలింగం ఎప్పుడో అర్జీ పెట్టుకున్నాడు. పంటు ఆగిపోతే దానికి వాడే కరెంటు తన ఐసు ఫ్యాక్టరీకి మళ్ళుతుంది. వంతెన ఉండగా పంటు దండగ అని ఆయన వాదన. ఆ అర్జీ ఈ బుధవారమే విచారణకు వస్తోంది. తాళం వాళ్ళ చేతికి వెళితే ఈరోజు చెరుపుతారు. దించాల్సినవాళ్ళూ వాళ్ళే కనుక అటక మీది పుట అక్కడే ఏడాదికి చచ్చిపోతుంది. దొంగ చేతికి తాళం ఇవ్వడమంటే ఇదే కదా అనుకుంది ఎస్తేరు.

వంతెన ఉన్నమాట నిజమే. అది కార్లకూ లారీలకూ ఉంది. లంకల్లో ఉండే ఆడవాళ్ళు ఎస్తేరు దగ్గరికి లేసు పనికి వచ్చేది పంటు మీదే. ఒడిలో దారపుండ పెట్టుకుని, ఏరు దాటేలోగా రెండు పువ్వులు అల్లి మరీ దిగుతారు. వంతెన చుట్టూ తిరిగి రావాలంటే వాళ్ళకు పూట గడిచిపోతుంది. ఇక పనేమిటి, పాటేమిటి?

ఆవిడ మామిడికాయ వేసిన పులుసును కేరేజీలో సర్దుకుని రేవుకి బయలుదేరింది.

*

రేవు గట్టు మీద పాత టికెట్ల గదిలోనే ఎదురుజంట కూర్చునేది. మధ్యలో నల్లరాయిలాంటి చెరుపుపలక, దానికి అటొక కుర్చీ, ఇటొక కుర్చీ. బయట బెంచీ మీద కోటిలింగం, భద్రం ఎడమొహం పెడమొహంగా కూర్చుని ఉన్నారు. ఎస్తేరు గుమ్మంలోకి వస్తూ ఓరకంట చూసింది. భద్రం గోలీసోడా కొట్టి, తాను తాగకుండా ముందు బావ చేతికి అందించాడు. ఆవిడను చూడగానే ఇద్దరూ ఉలిక్కిపడి, "నీ మొహం చూస్తే పాపం!" అని గట్టిగా అనుకున్నారు.

పంటు వచ్చి ఆగింది. తెల్లపంచె అంచు ఒక చేత్తో, కేరేజీ ఒక చేత్తో పట్టుకుని జోగిరాజు దిగాడు.

"ఆయ్, చూసేనండి సందేశం," అన్నాడు కూర్చుంటూనే. "నూటికి మూడంట. పదో తరగతిలో లెక్కల్లో కూడా నాకింత తక్కువ రాలేదండి."

ఎస్తేరు నవ్వలేదు. ఎలా పడిపోయిందో ఆవిడకు తెలుసు. మొదట్లో వీళ్ళిద్దరూ ఒకరికొకరు వీపు పెట్టుకుని కూర్చునేవారు. ఒక వానరోజు పంటు ఆలస్యమై రాజుగారు భోజనం లేకుండా ఉండిపోతే, చూస్తూ చూస్తూ తినలేక ఆవిడ తన కేరేజీలోంచి పెట్టింది. మామిడికాయ పులుసే. ఆయన బాగుందనలేదు గానీ రెండోసారి వేయించుకున్నాడు. మరుసటి వారం రొయ్యల వేపుడుతో ఆ బాకీ తీర్చుకున్నాడు. ఆ తర్వాత బుధవారం బుధవారం ముందు భోజనం, తర్వాత పుటలు అయింది. అన్నం పెట్టిన మనిషి మొహం మీద కాదని ఎలా అంటారు? అందులోనూ గోదావరి జిల్లాలవాళ్ళు! తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టడం వాళ్ళ వంటికి పడదు. ఊరుమ్మడిని తయారుచేసినవాళ్ళు ఎన్నో లెక్కలు కట్టారు గానీ ఈ పులుసు లెక్క కట్టలేదు.

"తగువాడాలండి," అంది ఎస్తేరు గొంతు తగ్గించి. "ఈరోజు మనం గట్టిగా తగువాడాలి. లేకపోతే పంటు పోద్ది."

"దాందేముందండి. కానియ్యండి."

ఇద్దరూ అరచేతులు పలక మీద ఆనించారు. పలక నీలంగా వెలిగింది. జోగిరాజు గొంతు సవరించుకుని, గది దద్దరిల్లేలా అరిచాడు.

"ఎస్తేరమ్మగారూ! మీరొట్టి... మొండిమనిషండి!"

"మీరు మాత్రం తక్కువా? మీరూ... మీరూ..." తగిన మాట దొరక్క ఎస్తేరు చుట్టూ చూసింది. "మీ పంచె బాలేదు!"

"క్షమించాలి," అంది పలక శాంతంగా. "మాట కోపంగా ఉంది, నాడి ప్రశాంతంగా ఉంది. ఇది నటన. లెక్కలోకి రాదు."

"అదేంటమ్మా," ఎస్తేరు కోపం పలక మీదికి మళ్ళింది. "బయట కూర్చున్న ఆ బావాబావమరుదులది నటన కాదా? వాళ్ళెలా వచ్చేరు వరుసలోకి?"

"జంటను ఎంచడానికి రాతనే చూస్తాను. నాడి చూసేది పలక ముందు కూర్చున్నాకే. వాళ్ళది నటనైతే క్రమంగా తెలుస్తుంది."

"క్రమంగా ఎందుకు, వాళ్ళకి ఒక్క పూట చాలు!"

జోగిరాజు చెయ్యి తియ్యకుండానే కాసేపు కిటికీలోంచి ఏటిని చూశాడు. తర్వాత మెల్లగా అన్నాడు.

"పోనిద్దురూ ఎస్తేరమ్మగారూ. తాళం పోతే పోయింది. మీ చేతి అన్నం తిన్న నోటితో మిమ్మల్ని మాటనడం నావల్ల కాదు. పంటు లేకపోతే వంతెన మీంచొస్తాను. ఇక్కడ కాకపోతే మీ ఇంటికే వస్తాను, భోజనానికి. ఈ వయసులో నాకు దొరికిన స్నేహం అండి ఇది. దీన్ని పాడుచేసుకుని ఆ తాళం ఏం చేసుకోను?"

ఎస్తేరు మనసు ఒక్క క్షణం వెన్నలా అయింది. ఆవిడనింత మర్యాదగా, ఇంత ప్రేమగా ఎవరూ ఓ మాట అని చాలా కాలమైంది. ఆ వెంటనే కిటికీలోంచి పంటు కనబడింది. దాని మీద లేసు పనికొచ్చే మార్తమ్మ, సుగుణ తల వంచుకుని గబగబా అల్లుకుంటున్నారు. వెన్న కాస్తా సలసలా కాగింది.

"వంతెన మీంచి మీరొస్తారు, కారుంది కాబట్టి. వాళ్ళేం మీద వస్తారండి?"

"అది కాదండి, నేననేది..."

"మీరనేది నాకర్థమైంది. నాతో తగువు పడకుండా ఉండడానికి ఓ ఇరవై మంది ఆడోళ్ళ నోటికాడ కూడు వదిలేస్తానంటున్నారు. అదేనా నా అన్నానికి మీరిచ్చే మర్యాద?"

జోగిరాజు మొహం ఎర్రబడింది. "మా ఇళ్ళల్లో అన్నం పెట్టిన చేతిని ఎదిరించరండి. చిన్నప్పటినుంచీ అలాగే పెరిగేం."

"నేను మీకు అన్నం పెట్టింది నోరు కట్టెయ్యడానికనుకున్నారా? ఆకలేస్తుందని పెట్టేను!" అని, ఏదో తట్టినట్టు ఆగింది. "ఒక్క మాట చెప్పండి రాజుగారూ. ఇన్నాళ్ళూ మీరు ఊఁ అన్న పుటలన్నీ ఇష్టపడే అన్నారా? పులుసు మొహం చూసి అన్నారా?"

ఆయన పంచె అంచు సర్దుకున్నాడు.

"చెప్పండి!"

"కొన్ని... పులుసు చూసే అన్నానండి." ఆయన కిటికీ వైపు తిరిగాడు. "పంటు కూత పుట ఉందా? బయలుదేరేముందు పంటు కూసే కూత. చెవులు చిల్లులు పడతన్నాయని మీరు చెరుపుదామన్నారు. నాకిష్టం లేదు. ఆ కూత వింటానే నేను పెరిగేను. అది వినబడితేనే మా నాన్న కండువా భుజానేసుకుని పరిగెత్తేవోరు. చెరిపేక వారం రోజులు నాకు నిద్ర పట్టలేదు. తెలుసా మీకు?"

"మరెందుకు చెయ్యి ఆనించేరు?"

"చేతికి మీ మామిడికాయ పులుసు తడింకా ఆరలేదండి!"

ఎస్తేరు పలక మీది తన చేతికేసి చూసుకుంది. తన సంగతేమిటి? రొయ్యలచెరువుల్లో చల్లే మందు పుటను అటక మీంచి దించుదామని రాజుగారు అడిగిననాడు, అది ఏటికి మంచిది కాదని తెలిసి కూడా, రొయ్యల వేపుడు బాగుందని తలూపలేదూ? ఊరు తమ చేతిలో పెట్టిన తాళాన్ని ఇద్దరూ కలిసి గిన్నెల మధ్య పారేశారు. కోటిలింగాన్ని దొంగ అనుకుందే గానీ, తాము చేసింది దొరతనమేమీ కాదు. సిగ్గేసింది, సిగ్గులోంచి మళ్ళీ కోపం వచ్చింది.

"ఇంత మనసులో పెట్టుకుని, వారం వారం నా ఎదురుగా నవ్వుతా కూర్చున్నారా? స్నేహమన్నారే, ఇదా స్నేహం?"

"అయితే దించండి! అటక మీంచి ఆ కూత పుట ఇప్పుడే దించండి!"

"దించను! పక్కనే బడుంది. పసిపిల్లలు దడుచుకుంటన్నారు!"

"మూడు తరాల పిల్లలు ఆ కూత విని పెరిగేరు, ఎవరూ దడవలేదు!"

"దడిచినోళ్ళు మీకొచ్చి చెప్పేరా? మీరు అటొడ్డున ఉంటారు, బడి ఉండేది ఇటొడ్డున!"

"మొండిమనిషండి మీరు!"

ఈసారి ఆ మాట గది దద్దరిల్లేలా లేదు. నిజంగా తగిలేలా ఉంది. నీలంగా ఉన్న పలక ఎప్పుడు ఎర్రబడిందో ఇద్దరూ చూసుకోలేదు.

"భేదాంకం అరవై దాటింది," అంది పలక. "జంట కొనసాగుతుంది. తదుపరి అర్జీ: పంటు పుట చెరుపు. మీ నిర్ణయం?"

"చెరపం," అన్నారు ఇద్దరూ, ఒకరి మొహం ఒకరు చూడకుండా.

"చెరువుల మందు పుటో?" అంది ఎస్తేరు అంతలోనే. "దాన్ని దించి తప్పు చేసేం. తిరిగి అటకెక్కించాలి."

జోగిరాజు పళ్ళు కొరికాడు. ఆలోచించాడు. "అది... మీరన్నది నిజమే," అని పలక మీది చెయ్యి గట్టిగా అదిమాడు.

బయట బెంచీ ఖాళీ అయింది. బావాబావమరుదులు ఒకే మోటారుసైకిలెక్కి వెళ్ళిపోవడం ఊరంతా చూసింది. జోగిరాజు కూడా లేచాడు. కేరేజీ మూత తియ్యకుండానే పంటు ఎక్కేశాడు. ఎస్తేరు పులుసు అలాగే చల్లారిపోయింది.

*

ఆ వారం ఆవిడకు అన్నం సయించలేదు. తాళం దక్కింది, పంటు దక్కింది, మార్తమ్మ వాళ్ళు రోజూ దాటి వస్తూనే ఉన్నారు. అయినా ఏదో పోగొట్టుకున్న దిగులు. అల్లిక మధ్యలో ముడి తప్పి రెండుసార్లు విప్పుకుంది. "ఏటమ్మా, ఒంట్లో బాలేదా?" అని సుగుణ అడిగితే, ఎండ అని చెప్పింది. బయట మబ్బు పట్టి ఉంది.

బుధవారం వచ్చింది. ఆయన రాడేమో అనుకుంటూనే పులుసు వండింది. వంటమరను పక్కకి జరగమని తన చేత్తోనే వండింది. రేవులో కూర్చుని ఏటికేసి చూడకూడదని ఒట్టు పెట్టుకుని, ఏటికేసే చూస్తూ కూర్చుంది. పంటు ఆనింది. లంక ఆడవాళ్ళు దిగారు, చేపలబుట్టలు దిగాయి. అందరి వెనకా తెల్లపంచె దిగింది.

జోగిరాజు వచ్చి కేరేజీని గుమ్మం బయటే పెట్టి, లోపలికొచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

"ఇకనుంచి ముందు పుటలండి. తర్వాతే భోజనం," అన్నాడు.

"అదే మంచిది," అని ఎస్తేరు తన కేరేజీ కూడా తీసుకెళ్ళి దాని పక్కన పెట్టి వచ్చింది.

తర్వాత తగువు మొదలైంది. పంటు కూత మీద గంటసేపు సాగింది. ఆయన కూతంతా కావాలన్నాడు, ఆవిడ అసలొద్దంది. చివరికి పొద్దున మొదటి పంటుకీ సాయంత్రం ఆఖరి పంటుకీ, బడి లేని వేళ, ఒక్కొక్క కూత చాలని పుట దించారు. అందులో ఇద్దరికీ పూర్తి తృప్తి లేదు. ఆ తర్వాత ఇంకో నాలుగు పుటలు వచ్చాయి. దేని మీదా ఒకరి మాట ఒకరు ఊరికే ఒప్పుకోలేదు.

గొంతులు బొంగురుపోయాక కేరేజీలు లోపలికొచ్చాయి. ఎస్తేరు వడ్డించింది. ఆయన ముద్ద కలిపాడు, నోట్లో పెట్టుకున్నాడు, నమిలాడు. ఎడమచెయ్యి ఇంకా పలక మీదే ఉంది, తియ్యడం మర్చిపోయాడు. ఆవిడదీ అంతే.

ఆ మొదటి వానరోజు తప్పిస్తే, ఇన్నాళ్ళుగా ఆ పులుసు తిని ఆయన అన్నది ఒకటే మాట: బ్రహ్మాండం. ఈసారి ఆయన ఇంకో ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాడు. తర్వాత కంచంలోకి చూస్తూ, "పులుపు చాల్లేదండి," అన్నాడు. "మామిడికాయతో అంతే. మొదటిరోజు నుంచీ చాల్లేదు. చింతపండు పడాల్సిందే."

ఎస్తేరు గరిటె పట్టుకుని అలాగే ఉండిపోయింది. కూరకు వంక పెట్టేది ఎవరు? ఇంట్లోవాళ్ళు పెడతారు. వచ్చిపోయేవాళ్ళు బాగుందంటారు, పొగుడుతారు, చెయ్యి కడుక్కుని వెళ్ళిపోతారు. ఆవిడ వంటకు వంక పెట్టే మనిషి ఈ లోకంలో ఎవరూ మిగల్లేదనే ఆవిడ ఇన్నాళ్ళూ అనుకుంటోంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, సంతోషంతోనే.

"చాలకపోతే మానెయ్యండి," అంది ముక్కు ఎగబీల్చి, ఇంకో గరిటె వేస్తూ. "మీకోసం నేను మామిడికాయ మాన్తానా?"

"నేను మాత్రం తినడం మాన్తానా?" అన్నాడాయన.

పలక నీలానికీ ఎరుపుకీ మధ్య ఎటూ తేల్చుకోలేక మినుకుమినుకుమంది.

"మాట విభేదంగా ఉంది, నాడి ప్రశాంతంగా ఉంది," అంది తడబడుతూ. "కానీ ఇది నటన కాదు. తగువూ కాదు. ఇలాంటి స్థితికి ఊరుమ్మడిలో పుట లేదు. కొత్తది మొదలుపెట్టమంటారా?"

"వద్దు," అన్నారు ఇద్దరూ ఒక్కసారే.

మాట కలిసినందుకు భేదాంకం నూటికి రెండు తగ్గింది.